పాతర తెరిచిన రోజు

పట్టాలు అందుకున్న యువ పశువైద్యులారా,

మాది వజ్రకరూరు. తొలకరి పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో వచ్చి మా చేలల్లో తలవంచుకుని వజ్రాలు వెతుకుతారు. అప్పటికి మా మేకలు వేసవంతా తుమ్మకాయలూ ఎండుకంపా కొరికి బక్కచిక్కి ఉంటాయి.

2005లో తిరుపతిలో మనకంటూ పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడక ముందు చదివినవాణ్ణి నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఎండాకాలం సూడి మేక లేవడం లేదని పిలిచారు. నెలలు నిండాయి, కడుపులో రెండు పిల్లలు. పళ్లు నూరుతోంది, ఊపిరిలో తియ్యటి వాసన. కాల్షియం ఎక్కించి వచ్చేశాను. మర్నాటికి ప్రాణం పోయింది. దానికి తగ్గింది గ్లూకోజు. డెసిలీటరు రక్తంలో 50 నుంచి 75 మిల్లీగ్రాములుండాల్సింది అడుగంటి, ఒంట్లో కొవ్వు కరిగి, కీటోన్లు పేరుకుపోయాయి. దొడ్డిలో ఏం మేత ఉందో నేను తొంగి కూడా చూడలేదు. ఆ తప్పు నాదే.

మేకకు గ్లూకోజు మనలాగా తిన్న తిండి నుంచి నేరుగా అందదు. మేత పెద్దపొట్టలో పులిసి ప్రొపియోనిక్ ఆమ్లం పుడితే, దాంతో కాలేయం గ్లూకోజు తయారుచేస్తుంది. పాతరగడ్డి ఆదుకునేది ఇక్కడే. పాలకంకి మీదున్న మొక్కజొన్ననో జొన్ననో నరికి, ముక్కలు చేసి, గాలి చొరకుండా తొక్కి, పట్టా కప్పి 45 రోజులు ఉంచితే పైరులోని తీపి లాక్టిక్ ఆమ్లమై మేతను కాపాడుతుంది. మేక పొట్టలో ఆ లాక్టిక్ ఆమ్లంలో కొంత ప్రొపియోనిక్ ఆమ్లమవుతుంది, కంకిలోని పిండీ తోడవుతుంది. జొన్నలు పాతర్లలో దాచుకున్న సీమకు ఈ విద్య పరాయిది కాదు.

అయితే ఒట్టి పాతరగడ్డితో సరిపెట్టకండి. అందులో మాంసకృత్తులు తక్కువ. రక్తంలో యూరియా మరీ పడిపోయిందంటే మేతలో ఆ లోటు ఉందేమో చూడండి. వేరుశనగ కట్టె, సుబాబుల్ రొట్ట, అవిశాకు జత చేయించండి.

పాతర తెరిచే రోజు రైతు పక్కన నిలబడండి. గుప్పెడు తీసి పిండి చూడండి. నీళ్లు కారకూడదు, పుల్లటి కమ్మని వాసన రావాలి. బూజు పొర కనిపిస్తే పారేయించండి. చేజేతులా మేత పారేయడానికి రైతుకు మనసొప్పదు, అయినా ఒప్పించండి. చెడిన పాతరగడ్డి నుంచి లిస్టీరియా సోకిన మేక తల వాల్చి ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంటే చూడలేం.

కొత్త మేతను మేక మొదట మూతితో తోసేస్తుంది. వారం పదిరోజులు కొద్దికొద్దిగా అలవాటు చేయించి, ఆ తర్వాతే గ్లూకోజు, యూరియా చూడటానికి రక్తం తీయండి, మేత పెట్టకముందు, ప్రతిసారీ ఒకే వేళకు. ఇక, సూడి మేకల చివరి ఆరు వారాలకు సరిపడా గడ్డి పాతరలో మిగిలిందా అని ఫాల్గుణంలోనే వెళ్లి అడగండి.