తెలిసిన పాటను పాడుట

మా తొండూరు వైపు పల్లెలలో 'సత్యహరిశ్చంద్ర' నాటకమునకు వచ్చు ప్రేక్షకునికి కథ కొత్త కాదు. పద్యములును కొత్త కావు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి గారి పద్యములు, కాటిసీనులో కలిసిపోయిన జాషువా గారి శ్మశాన పద్యములు అతనికి కంఠస్థములే. అయినను తెల్లవారుదాక కూర్చుండును. ఈ నటుడు ఆ పద్యమును ఎట్లు చదువునో వినుటకే ఆ జాగరణము.

అమెరికాలో 'స్టాండర్డులు' అను పాటల సంగతియు ఇట్టిదే. నాటకములకు, చలనచిత్రములకు వ్రాసిన పాటలు, ఆ నాటకములు మరుగుపడిన తరువాత కూడ జాజ్ గాయకుల నోట నిలిచిపోయినవి. అట్టి పాటల సంపుటి యొకదానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. అది 1956లో వెర్వ్ కంపెనీ వెలువరించిన కోల్ పోర్టర్ పాటల సంపుటి. పాడినవారు ఎల్లా ఫిట్జిరాల్డ్. రెండు లాంగ్‌ప్లే రికార్డులు, 32 పాటలు. పోర్టరు మన వాగ్గేయకారులవలె మాటను, వరుసను తానే కూర్చినవాడు.

ఎల్లా 1917లో జన్మించి, పేదరికములో పెరిగిన నల్లజాతి స్త్రీ. 1934లో హార్లెములోని అపోలో నాటకశాలలో నాట్యము చేయవలెనని వేదిక నెక్కి, ధైర్యము చాలక పాట పాడిరి, బహుమతి గెలిచిరి. అర్థములేని అక్షరములతో గొంతును వాద్యమువలె పరుగెత్తించు 'స్కాట్' గానములో ఆమెకు సాటి రాగలవారు అరుదు. అట్టి గొంతు ఈ సంపుటిలో ఏమి చేసినది? దాదాపు ఏమియు చేయలేదు! వరుసను వరుసగానే పాడిరి. ఒక మాటను తాళమునకు రవంత వెనుకగా వేయుట, చివర ఒక స్వరమును వంచుట, స్వేచ్ఛ అంతవరకే. ఇది చప్పదనమని అనువారు కలరు. నాకట్లు తోచదు.

సామాన్యముగా ఇట్టి పాట 32 ఆవర్తములలో ముగియును. 'బిగిన్ ది బెగీన్' అను పాట 108 ఆవర్తములు. ఒక నాట్యపు వరుస చెవిని పడగానే ఒకనాటి ప్రేమ తిరిగి మేల్కొనుట అందలి విషయము. అంత దూరము భావము తెగకుండ నడచుటకు గొంతు బలము చాలదు. ఊపిరి ఎచట తీయవలెనో తెలియవలెను.

మన పద్యములోని చిక్కు కూడ ఇదే. వృత్తములో పాదము ముగిసినంత మాత్రమున మాట ముగియదు. సగము ఈ పాదమున, సగము పై పాదమున పడుచుండును. పాదాంతమున రాగము తీయు నటుడు మాటను రెండు ముక్కలు చేయును. నా చిన్నతనమున ఒక హరిశ్చంద్రుడు అట్లే చేసెను. హార్మోనియము ఆకాశమంటినది, 'వన్స్‌మోర్' కేకలు మ్రోగినవి. నా ప్రక్కనున్న ముసలి రైతు మాత్రము, "రాగం బాగనే ఉండాది గానీ, ఏమన్న్యాడబ్బీ?" అని నన్నడిగెను. నేను చెప్పలేకపోతిని.

తాడిపత్రిలో జన్మించిన బళ్ళారి రాఘవ గారు రంగస్థలముపై మితిమీరిన రాగమును ఒప్పుకొనలేదు. నేనంత దూరము పోను. రాగము లేని కాటిసీనుకు మా ఊరివారు పెట్రోమాక్సు దీపమైనను వెలిగించరు. మాట ముగిసిన తరువాత రాగము ఎంతసేపు తీసినను నాకు సమ్మతమే.

1960 ఫిబ్రవరిలో బెర్లినులో 'మాక్ ది నైఫ్' పాడుచు ఎల్లా నడుమ మాటలు మరచిరి. ఆపలేదు. మరచితినని పాటలోనే చెప్పుచు, అప్పటికప్పుడు ప్రాసలు కట్టి ముగించిరి. ఆ రికార్డునకు గ్రామీ బహుమానము లభించినది. మాటలు పోయినపుడు కూడ ఆమె వినువారితో మాటాడుట మానలేదు.

ఆమె 1996లో గతించిరి. పోర్టరు సంపుటి దొరకినవారు ఇంగ్లీషు మాటలు పట్టుబడవని వెనుదీయ నక్కరలేదు. ఆమె ఊపిరి తీయు చోటులను గమనించుచు వినుడు. పిదప అదే చెవితో మన కాటిసీను రికార్డు నొకదానిని పెట్టుడు.