రాయలవారి చుట్టూ అయిదు సినిమాలు



మంచి సినిమా ఏదైనా చెప్పమని అడిగేవారు సాధారణంగా ఒక షరతు కూడా పెడతారు. ఒకరికి ప్రేమకథ కావాలి, ఇంకొకరికి కడుపుబ్బ నవ్వించాలి. పిల్లలతో కూర్చుని చూడదగ్గదై ఉండాలంటారు మరొకరు. బళ్ళారి సీమవారి కోసం నేను ఎంచిన అయిదు సినిమాలు ఒకదానితో ఒకటి పోలనివి. అయినా అన్నిటిలోనూ శ్రీకృష్ణదేవరాయలు ఉన్నారు. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి చూసి రాగల మన హంపి ఉంది.

ప్రేమకథ కోరేవారికి 1951లో బి.ఎన్.రెడ్డి తీసిన 'మల్లీశ్వరి'. వానరాత్రి సత్రంలో మారువేషంలో ఉన్న రాయలవారిని గుర్తించక, బావ నాగరాజు మల్లికి రాణివాసం పల్లకి పంపమని వేళాకోళమాడతాడు. ఆ పల్లకి నిజంగానే వాకిట్లోకి వస్తుంది. ఎన్.టి.రామారావు, భానుమతి నటన, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, కృష్ణశాస్త్రి మాటలు, పాటలు ఈనాటికీ వాడలేదు.

హాస్యం కావాలంటే బి.ఎస్.రంగా 1956లో తీసిన 'తెనాలి రామకృష్ణ'. వికటకవిగా అక్కినేని, రాయలుగా రామారావు. ఇందులో నవ్వు కాలక్షేపానికి మాత్రమే కాదు, రాజ్యాన్ని కాపాడటానికీ పనికొస్తుంది.

గంభీరమైన కథ ఇష్టపడేవారు 1962 నాటి 'మహామంత్రి తిమ్మరుసు' చూడాలి. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. తాను 'అప్పాజీ' అని పిలుచుకున్న మంత్రినే రాజు అనుమానిస్తే ఏమవుతుందో గుమ్మడి ముఖంలో కనిపిస్తుంది. తిమ్మరుసు కళ్ళు తీయించిన ప్రస్తావన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాతల్లో ఉంది. అయితే సినిమా తన కల్పనలు తాను చేసుకుంది. కనుక దాన్ని చరిత్ర పాఠమనుకోకూడదు.

పిల్లలకు 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'. కాలయంత్రమెక్కి 1526 నాటి రాయల కొలువుకు, అక్కడినుంచి 2504కు ప్రయాణం. కథానాయకుడిగా, రాయలుగా కూడా బాలకృష్ణే నటించారు.

అయిదోది కన్నడ చిత్రం. 1970లో బి.ఆర్.పంతులు తీసిన 'శ్రీకృష్ణదేవరాయ'. రాజ్‌కుమార్ రాయలు, పంతులే తిమ్మరుసు. 'మహామంత్రి తిమ్మరుసు' చూసిన మర్నాడే దీన్ని చూడండి. ఒకే రాజును రెండు భాషలవారూ ఎలా తమవాణ్ణి చేసుకున్నారో తెలుస్తుంది.

ఇంతకూ ఈ సినిమాలే ఎందుకు? 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ తరువాత ఇక్కడ కన్నడ మాధ్యమంలో చదువుకున్న తెలుగు పిల్లల్లో చాలామందికి ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చు గాని, అక్షరాలు రావు. పెద్దన ప్రబంధాన్ని వాళ్ళ చేతికిచ్చినా లాభం లేదు. కానీ 'మల్లీశ్వరి'లో మాటలు వింటే అర్థమవుతాయి. అర్థం కానిచోట అవ్వనో తాతనో అడుగుతారు. ఆ అడగటమే మనకు కావలసింది.

కాబట్టి పెద్దలకు నా మనవి. ఒక ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదట 'ఆదిత్య 369' చూపించండి. వాళ్ళకు రుచి తగిలాక 'మల్లీశ్వరి' చూపించండి. ఆ పైన ఒకరోజు హంపికి తీసుకువెళ్ళండి. విఠలాలయం రాతిరథం ముందు నిలబడి పిల్లలు ఏ భాషలో ప్రశ్న అడిగినా, ఓపికగా జవాబు చెప్పండి.