జూనియర్ డాక్టర్ల పనిగంటలు: ప్రజాప్రతినిధి యెదుట మన కర్తవ్యము

(భిలాయిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ భిలాయి ఉక్కు కర్మాగారములో తయారైన పట్టాల మీద మీ రైళ్ళు నడుస్తున్నవి. ఆ రైళ్ళు తెచ్చిన బొగ్గుతో ఇక్కడి బ్లాస్టు ఫర్నేసులు మండుతున్నవి. ఒకరి శ్రమ మరొకరికి ఆధారమని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. నేడు నేను ప్రస్తావించునది మన వృత్తికి చెందని వారి సమస్య. అయినను అది మన కుటుంబముల ప్రాణాలతో ముడిపడి ఉన్నది.

అర్ధరాత్రి ప్రభుత్వ బోధనాసుపత్రికి మన బిడ్డను తీసుకొనిపోతే ముందుగా చేయిపట్టి చూచునది ఎవరు? హౌస్ సర్జను, లేదా పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థి. ఆ యువకుడు ఎన్ని గంటలుగా నిద్రలేకుండా ఉన్నాడో మనము ఎన్నడూ అడుగలేదు.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 1992 జూన్ 5న రెసిడెంటు డాక్టర్ల విషయమై ఒక ఉత్తర్వు ఇచ్చినది. సాధారణముగా ఏకధాటి విధి 12 గంటలకు, వారమునకు 48 గంటలకు మించరాదని అందులో ఉన్నది. మూడు దశాబ్దములు గడచినవి. 2024 ఆగస్టు 9న కలకత్తా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో, సుదీర్ఘమైన విధి నడుమ సెమినారు హాలులో విశ్రమించిన ఒక యువ వైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురైనది. సుప్రీంకోర్టు ఆ కేసును తనంతతాను చేపట్టి, జాతీయ కార్యదళమును నియమించినది. 36 గంటలు, 48 గంటలు ఎడతెగక పనిచేయించుట అమానుషమని విచారణలో వ్యాఖ్యానించినది.

మరి నియమములు ఏమంటున్నవి? జాతీయ వైద్య కమిషన్ 2023లో వెలువరించిన పోస్టుగ్రాడ్యుయేట్ నిబంధనలలో "సముచితమైన" పనిగంటలు అని ఉన్నది. వారపు సెలవు ఉన్నది, అదియును పని అవసరమునకు లోబడి! సముచితము అనగా ఎన్ని గంటలు? అంకె లేదు.

అంకె విలువ రైల్వే సోదరులకు తెలిసినంతగా మరెవరికి తెలియును? 1973 ఆగస్టులో లోకో రన్నింగు సిబ్బంది సమ్మె చేసి, పది గంటల విధికి ప్రభుత్వముచేత ఒప్పించినారు. ఆ మాట అమలు కొరకు ఎంతకాలము పోరాడవలసి వచ్చినదో మనకు తెలుసు. 1989 రైల్వే చట్టములో నిరంతర విధికి వారమునకు సగటున 54 గంటలు, తీవ్రశ్రమ గల విధికి 45 గంటలు అని పరిమితులున్నవి. వాటితో మనము తృప్తిపడలేదు, పడబోము. కాని అంకె ఉన్నది కనుక, మించిన గంటకు రెట్టింపు రేటున ఓవర్‌టైము అడుగగలుగుతున్నాము. తనిఖీ అధికారులకు చట్టమే స్థానము కల్పించినది. డాక్టరుకు ఆ అంకెయూ లేదు, ఆ తనిఖీయూ లేదు.

కావున ప్రజాప్రతినిధి వద్దకు పోవునప్పుడు ఒకే కోరిక పట్టుకొని పోవలెను. ఒకప్పుడు మేము పధ్నాలుగు డిమాండ్లతో ఒక శాసనసభ్యుని దర్శించినాము. ఆయన టీ ఇచ్చి, "అన్నీ న్యాయమైనవే, చూద్దాము" అన్నాడు. అన్నీ న్యాయమైనవే అన్నాడు గనుక ఒక్కటియు చేయలేదు. ఆ తప్పు మాది.

ఎవరిని ఏమి అడుగవలెనో కూడ తెలిసియుండవలెను. ఆసుపత్రులు రాష్ట్రజాబితాలోనివి, వైద్యవిద్య ఉమ్మడి జాబితాలోనిది. రాయపూర్ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ గురించి, కమిషన్ నిబంధనల గురించి పార్లమెంటు సభ్యుని అడుగవలెను. 2021లో రాష్ట్రప్రభుత్వము స్వాధీనము చేసుకొన్న దుర్గ్ చందూలాల్ చంద్రాకర్ స్మారక వైద్య కళాశాల గురించి, స్టైపెండు గురించి శాసనసభ్యుని అడుగవలెను. లోక్‌సభలో ప్రశ్నకు పదిహేను రోజుల ముందు నోటీసు ఉండవలెను. అందుచేత ప్రశ్నను మనమే వ్రాసి ఆయన చేతికి ఇవ్వవలెను: "1992 నాటి పరిమితి ఏయే ఆసుపత్రులలో అమలగుచున్నది? విధి గంటలు రిజిస్టరులో వ్రాయుచున్నారా? తనిఖీ చేయు అధికారి ఎవరు?" రిజిస్టరు లేదని జవాబు వచ్చినను అది మన చేతికి ఆయుధమే.

"వైద్యుడు గడియారము చూచి పనిచేయునా?" అని ఆయన అడుగవచ్చును. సిగ్నలు వద్ద డ్రైవరు కునుకుపాటు ఎంత ప్రమాదమో, మందు మోతాదు కొలిచే చేతికి నిద్రలేమి అంతే ప్రమాదమని చెప్పండి. డాక్టర్లు చాలరు అంటే, పోస్టులు మంజూరు చేయుట ప్రభుత్వము పని అనండి.

"రేపు పెద్ద సంపాదనకు పోయేవారే కదా, మనకెందుకు?" అని మనలోనే కొందరు అంటారు. 1946 జూలై 11న తపాలా ఉద్యోగులు సమ్మె ప్రారంభించినారు. ఉత్తరాలు అందక ఇబ్బందిపడిన కలకత్తా నగరమే జూలై 29న వారి కొరకు పని ఆపినది. ఆ రుణము మనపై ఉన్నది.

జూనియర్ డాక్టర్ల ప్రతినిధులను ముందు నిలిపి, వారి ప్రక్కన మనము నిలువవలెను. వారి మాట వారే చెప్పుకొందురు. ప్రతినిధి మాటను వ్రాతపూర్వకముగా, తేదీతో తీసుకొనవలెను. ఆ తేదీ దాటిన మరునాడే మరల ఆ గుమ్మము ఎక్కవలెను.

శ్రామికుల ఐక్యత వర్ధిల్లాలి!