ఎర్రమాంసము – ఆరోగ్యము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు ఉగాది పచ్చడి తిన్నాము. రేపు హొసతొడకు. కన్నడసీమలో ఉగాది మరునాడు జరిగే ఈ మాంసభోజనమును ఇక్కడ స్థిరపడిన మన కుటుంబములు పెక్కు తమ పండుగగానే చేసుకున్నవి. కోస్తావారు వేటమాంసమన్నా, తెలంగాణమువారు యాటకూరన్నా, సీమవారు పొట్టేలు మాంసమన్నా రేపు పొయ్యిమీద ఉడికేది ఒక్కటే. అది ఒంటికి మంచిదా, చెడ్డదా అని విచారించుటకు ఇది తగిన సమయము. తిననివారిని తినమనుట గాని, తినేవారిని నిందించుట గాని మా ఉద్దేశము కాదు.

మేక, గొర్రె, పశువు, పంది మాంసములను వైద్యులు ఎర్రమాంసమంటారు. కోడి, చేప ఇందులో చేరవు. ముందు దీని మేలు చెప్పుకుందాము. ఇందలి మాంసకృత్తులు మేలురకమైనవి. ఇందలి ఇనుము పప్పులలోని, ఆకుకూరలలోని ఇనుముకన్న సులభముగా ఒంటపడుతుంది. నరములకు, రక్తమునకు కావలసిన బి12 విటమిను కూడ ఇందులో సమృద్ధిగా ఉన్నది. శాకాహారులకు ఆ విటమిను పాలు, పెరుగుల వల్లనే ముఖ్యముగా లభిస్తుంది.

ఇక కీడు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 10 దేశముల శాస్త్రజ్ఞులను 22 మందిని సమావేశపరచింది. ఉప్పుపట్టించి, పొగబెట్టి నిలవచేసిన సాసేజి, హామ్ వంటి మాంసము పెద్దప్రేగు క్యాన్సరుకు కారణమని వారు తేల్చారు. రోజూ 50 గ్రాములు తింటే ఆ ప్రమాదము సుమారు 18 శాతము హెచ్చునట. నూటికి 18 మందికి వ్యాధి వస్తుందని దీని అర్థము కాదు. ఇదివరకున్న అవకాశము అంతమేర పెరుగుతుందని అర్థము. తాజా ఎర్రమాంసమును మాత్రము ‘బహుశః కారకము’ అన్న తరగతిలో చేర్చారు. 2019లో మరికొందరు పరిశోధకులు ఈ సాక్ష్యము బలహీనమైనదనీ, అలవాటు మార్చుకోనక్కరలేదనీ అన్నారు. పలువురు నిపుణులు వారిని ఖండించారు. పండితులకే వివాదమున్నచోట మనకు మితమే శరణ్యము.

మితమనగా ఎంత? ప్రపంచ క్యాన్సరు పరిశోధన నిధివారు మనిషికి వారమునకు వండిన మాంసము 350 నుండి 500 గ్రాములు దాటవద్దన్నారు. అది హద్దేగాని, తినితీరవలసిన కొలత కాదు. కొవ్వు తీయించండి. నిప్పులమీద మాడ్చినపుడు హానికర పదార్థములు పుట్టును గనుక, మెల్లగా ఉడికించిన పులుసు మేలు.

“మన తాతలు తినలేదా? వారికేమైనది?” అని కొందరంటారు. తాతలు తిన్నమాట నిజమే. జాతరకో, అల్లుడు వచ్చినపుడో తిన్నారు. తిని పొలానికి నడిచారు. మనము ప్రతి ఆదివారమూ తిని, కుర్చీలో కూర్చుంటున్నాము.

సోదరులారా, ఇంతకన్న ముఖ్యమైన మాట ఒకటున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతమునకు రక్తహీనత కనబడినది. ఆ వయసు పురుషులలో అది 25 శాతమే. మరి మన ఇండ్లలో వడ్డన ఎట్లున్నది? ముక్కలన్నీ మగవారికి, పిల్లలకు. అడుగున మిగిలిన పులుసు వండిన తల్లికి! ఇనుము ఎవరికి ఎక్కువ కావలెనో వారికే అది అందుటలేదు. అతిగా తిన్న తండ్రికీ కీడే, అందని తల్లికీ కీడే.

ఒకనాటి కూరతో రక్తహీనత తీరిపోదు. రక్తపరీక్ష చేయించి, వైద్యులిచ్చిన మాత్రలు వాడవలసినదే. మాంసము తినని ఇండ్లలో పప్పు, ఆకుకూరలపై నిమ్మరసము పిండుకున్నచో ఇనుము బాగా ఒంటపడుతుంది. భోజనమైన వెంటనే టీ తాగకుండుట మంచిది.

రేపటి పంక్తిలో వండిన తల్లిని, కోడలిని కూడ కూర్చోబెట్టి, మొదటి ముక్క వారి విస్తరిలో వేయండి. మీ వాటా కొంచెము తగ్గినచో అదియు ఆరోగ్యమే.