నూలులోనే రంగు
చిట్యాలలో చేసిన స్మారకోపన్యాసం

ఎవరి జ్ఞాపకంగా ఈ సభ జరుగుతున్నదో ఆయనను నేను ఏనాడూ పేరుతో పిలవలేదు. బడిలో చదువుకున్నప్పుడూ, నేనే తెలుగు పంతులునై తల నెరిసిన తరువాతా, నాకు ఆయన సారే. ఈ పూట కూడా అట్లనే అంటాను.

తొమ్మిదో తరగతిలో సారు నల్లబల్ల మీద నాలుగు గడులు గీసి ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని రాశారు. పుస్తకంలో ఉపమావాచకాలు ‘వలె, పోలె’ అని ఉన్నాయి. వాటి కింద సారు ‘లెక్క’ అని చేర్చారు. మేం నవ్వాం. నన్ను లేపి, “మీ నాయిన ఎట్ల పనిచేస్తడో చెప్పు” అన్నారు. “ఎద్దు లెక్క చేస్తడు సార్” అన్నాను. ఆ ఒక్క మాటతో నాలుగు గడులూ నిండిపోయాయి. సారు అక్కడ ఆగలేదు. “ఎద్దే ఎందుకు? గుర్రం ఎందుకు గాదు?” అని అడిగారు. నాకు తోచలేదు. సాయంత్రం ఇంటికి పోతుంటే తట్టింది. ఎద్దు దున్నుతుంది, గింజ దానిది కాదు. మాది కౌలు భూమి.

ఆ ప్రశ్న కోసమే ఇవాళ నేను ఇక్కడ నిలబడ్డాను. అలంకారం అడిగితే లక్షణం, ఉదాహరణ, సమన్వయం రాయాలని పిల్లలకు నేర్పుతాం. ఏళ్ల తరబడి పదో తరగతి జవాబు పత్రాలు దిద్దాను. లక్షణం అక్షరం పొల్లుపోదు. సమన్వయం దగ్గరికి వచ్చేసరికి ‘ఇది ఉపమేయం, అది ఉపమానం, కనుక ఇది ఉపమాలంకారం’ అని చేతులు దులుపుకుంటారు. ‘ఎద్దే ఎందుకు’ అన్న ప్రశ్న ఉండదు. తప్పు పిల్లలది కాదు, నేర్పిన మాది. కవిత్వం చదవడమంటే ఆ సమన్వయమే. పేరు పెట్టడం ఆఖరి పని.

ఈ మాట చెప్పడానికి చిట్యాల కంటే తగిన చోటు నాకు తెలియదు. మనకు దగ్గరలోనే రాచకొండ గుట్టలున్నాయి. 14వ శతాబ్దంలో అక్కడ రేచర్ల పద్మనాయకులు ఏలారు. వారిలో సర్వజ్ఞ సింగభూపాలుడు ‘రసార్ణవసుధాకరం’ రాశాడు. ఆయన ఆస్థానంలోని విశ్వేశ్వరుడు ‘చమత్కారచంద్రిక’ రాశాడు. కావ్యం చదివినవాడి మనసు ఉలిక్కిపడి ఆనందించడానికి ఏడు కారణాలు చెప్పాడు విశ్వేశ్వరుడు: గుణం, రీతి, రసం, వృత్తి, పాకం, శయ్య, అలంకారం. పాకమంటే మాట పండిన తీరు. నోట్లో వేసుకుంటే రసమూరే ద్రాక్ష ఒకటి, పెంకు పగలగొడితేగాని అందని కొబ్బరికాయ ఇంకొకటి. శయ్య అంటే పక్క. ఒక మాట పక్కన ఇంకో మాట ఒత్తుకోకుండా పడుకోవాలి, తీసి మరొకటి పెడితే కుదరకూడదు. అలంకారం వచ్చింది ఈ వరసలో చివరన. భరతుడు చెప్పిన నాలుగు అలంకారాలు అప్పయ్య దీక్షితుల ‘కువలయానందం’ నాటికి వంద దాటాయి. మనం ఆ పట్టికలు పట్టుకొని మిగిలిన ఆరింటినీ వదిలేశాం.

అదే రాచకొండ పక్కన పుట్టపాక ఉంది. తేలియా రుమాలు నేసే ఊరు. ఆముదపు కాయల బూడిద, నూనె పట్టించి రోజుల తరబడి నూలును సిద్ధం చేస్తారు. రంగు అంటకూడని చోట గట్టిగా కట్టు కట్టి ముంచుతారు. విప్పి చూస్తే నూలు మీద తెగిన గీతలే కనిపిస్తాయి. మగ్గమెక్కి పేక పడుగును కలిసిన తరువాత పువ్వో ఏనుగో తేలుతుంది, అంచులు కొద్దిగా చెదిరినట్టు. బట్ట మీద కుట్టిన పువ్వును దారం లాగి విప్పేయవచ్చు, బట్ట మిగులుతుంది. ఈ పువ్వును విప్పాలంటే బట్టనే విప్పాలి. అలంకారాన్ని నగతో పోల్చడం మనకు అలవాటు. నాకు మాత్రం పుట్టపాక నూలే సరైన పోలికనిపిస్తుంది.

పరీక్షించి చూడండి. మగ్గాల పనికి భివండి పోయిన కొడుకు కోసం తల్లి “కండ్లు కాయలు కాసినయి బిడ్డా” అంటుంది. అతిశయోక్తి అని గుర్తించి మార్కు వేసుకుంటాం. దాన్ని విప్పి ‘చాలాకాలం ఎదురుచూశాను’ అని రాస్తే ఆ తల్లి ఎక్కడికి పోయింది? ‘గుండె చెరువైంది’ అన్న మాటా అంతే. చెరువు నిండితేనే బతుకు, కట్ట తెగితే ఊరే పోతుందని తెలిసిన నేలలో ఆ మాట బరువు వేరు.

మా నాయనమ్మ పత్తి ఏరుకుంటూ పొడుపుకథ వేసేది: “పువ్వు రాలి కాయాయె, కాయ పగిలి మళ్ల పువ్వాయె, ఆ పువ్వునే కట్టుకొని నా ముందల నిలబడ్డవ్, ఏందది?” ఉపమేయాన్ని మింగేసి ఉపమానాన్నే చెప్పడాన్ని శాస్త్రం రూపకాతిశయోక్తి అంటుంది. అక్షరం రాని మా నాయనమ్మ అంత పని చేసేది.

ఇక సారు దగ్గర నేర్చుకున్న అతి కష్టమైన పాఠం స్వభావోక్తి. అలంకారాలు చెబుతూ దండి దాన్ని మొదట నిలిపాడు. ఉన్నదున్నట్టు చెప్పడంలో ఏం గొప్ప అనుకునేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల ఊరొకటి చూసివచ్చి పద్యం రాశాను. ఆ నీళ్లకు వంగిన ఒక తల్లి కాళ్లను ఎక్కుపెట్టిన విల్లుతో పోల్చాను. సారు చదివి కాగితం పక్కన పెట్టారు.

“విల్లు విడిస్తే నిటారయితది. ఆమె కాళ్లయితయా?”

నేను మాట్లాడలేదు.

“నువ్వేం చూసినవో చెప్పు.”

చెప్పాను. రెండు చేతులు నేలకు ఆనించి గడప దాటింది. దూరంగా బస్సు హారన్ వినబడింది. బడికి పోయిన మనుమడు దిగే వేళ. మెడ తిరగదు. అందుకని మనిషంతా తిరిగి చూసింది.

“అది రాయి” అన్నారు సారు.