శీతకాలమున కొల్లేరు

ఏలూరు, తాడేపల్లిగూడెముల నడుమ రైలులో పోవువారికి భీమడోలు పరిచితమైన పేరే. ధనుర్మాసములో అక్కడ దిగు యాత్రికులు ఉత్తరముగా ద్వారకా తిరుమల కొండకు పోవుదురు. దక్షిణముగా ఆగడాలలంక దారి పట్టువారు అరుదు. ఆ దారి కొల్లేటి అంచునకు చేర్చును. ఆ దినములలో కొల్లేటిలో ఏమి చూడవచ్చునో నాలుగు మాటలు మనవి చేయుదును.

కొల్లేరనగానే మనవారికి తోచునది ఫాల్గుణమాసపు కొల్లేటికోట జాతర. పెద్దింట్లమ్మవారి దర్శనమునకు జనము పిల్లాజెల్లలతో తరలివత్తురు. మార్గశిర పుష్యములలో ఆ సందడి ఉండదు. “ఇప్పుడక్కడ ఏమున్నది?” అని అడుగుట సహజమే. ఈ ప్రశ్నకు జవాబు నీటిలోతులో ఉన్నది.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడిమి పల్లము. వానకాలమున బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చిన నీరు ఇందు నిండి, ఉప్పుటేటి దారిని మెల్లగా సముద్రమునకు పోవును. కార్తికము దాటిన పిమ్మట వరద తీసి, అంచులలో మోకాటిలోతు నీరు మిగులును. చేపలు, నత్తలు, గడ్డిగింజలు, తుంగదుంపలు అప్పుడు పక్షులకు అందుబాటులోనికి వచ్చును. ఎర్రకాళ్ల కొంగ నడచి వేటాడగలుగునది ఆ లోతులోనే. నత్తగుల్ల కొంగకు నత్తలు దొరకునది అక్కడనే. సూదితోక బాతు తల ముంచి అడుగునున్న మేత నందుకొనునదియు అక్కడనే. ఉత్తరమున సైబీరియాలో నీరు గడ్డకట్టు వేళ బాతులు వేల మైళ్లు దాటి మన లంకలకు వచ్చుట ఇందువలననే. మనము ఖాళీ కాలమనుకొన్నది వానికి పంటకాలము.

గూడబాతులు, అనగా నేడందరును పెలికానులనుచున్న పక్షులు, ఈ చలిదినములలోనే పిల్లలను పెంచుకొనును. కైకలూరు చెంత ఆటపాక చెరువులో అటవీశాఖవారు నిలిపిన ఇనుప మంచెల మీద అవి గూళ్లు కట్టుచున్నవి. తల్లి నోరు తెరవగా పిల్ల తన తలను ఆ సంచిలోనికి దూర్చి మేత తీసికొనును. ఆ దృశ్యమును చూచినవారు మరువజాలరు.

అయితే శ్రోతలారా, ఈ అతిథులు నిలుకడగా వత్తురన్న భరోసా లేదు. 1946లో కేరళీయుడైన కె. కె. నీలకంఠన్ నాటి పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడులో గూడబాతుల పెద్ద నివాసమును కనుగొనెను. 1970 ప్రాంతమునకు అది తరిగి తరిగి మాయమయ్యెను. పక్షి అర్జీ పెట్టుకొనదు, తగవునకు రాదు. మరుసటి ఏడు రాక మానివేయును, అంతే.

1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తించిరి. 2006లో అభయారణ్యములోని చేపలచెరువుల గట్లను పెద్దయెత్తున కొట్టివేసిరి. చేపల సాగు ఎందరికో అన్నము పెట్టుచున్న మాట నిజమే. కాని ఎత్తు గట్ల నడుమ నిలిపిన లోతునీరు కొంగ కాలికి అందదు. నీరున్నంత మాత్రమున కొల్లేరున్నట్లు కాదు. ఏడాదికొకమారు నిండి, ఏడాదికొకమారు తీయు నీరు ఉండవలెను. ఈ సంగతి పుస్తకములో చదివినప్పటికంటె, పుష్యమాసమున గట్టు మీద నిలిచి, ఒకవైపు లోతుచెరువును, మరియొకవైపు పలుచని నీటిని చూచినప్పుడు స్పష్టముగా బోధపడును.

కనుక వీలయినవారు ఈ చలిలో ఒకమారు పోయి చూడుడు. తెల్లవారుజామున మంచు దట్టముగా ఉండును. పొద్దెక్కి మంచు విచ్చువరకు ఓపిక పట్టవలెను. పిల్లలకు కప్పుకొన దుప్పట్లు తీసికొని పొండు. కేకలు వేయరాదు, రాళ్లు రువ్వరాదు, గూళ్ల దరికి పడవను పోనీయుమని పడవవానిని తొందర పెట్టరాదు. తల్లి బెదరి లేచినచో గూటిలోని గుడ్లు, పసికూనలు కాకుల పాలగును. పెండ్లివారింట అతిథి ఎట్లు మెలగునో, అక్కడ మనమట్లే మెలగవలెను.