ముగ్గు వేసిన వాకిలి ఎవరిది?

(రాజమండ్రిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గోదావరి అందం గురించి రాజమండ్రిలో ఉపన్యసించడం కోనసీమకు కొబ్బరికాయలు మోసుకుపోవడం లాంటిదే. నేను మాట్లాడబోయేది నది గురించి కాదు. ఈ నది, ఈ పల్లె మన సినిమాల్లో కంటికి ఇంపుగా కనిపించినప్పుడల్లా ఆ ఫ్రేములో స్త్రీని ఎక్కడ నిలబెట్టారన్నది నా ప్రశ్న.

'ముత్యాల ముగ్గు' (1975) అందరికీ తెలిసిందే. బాపు పుట్టింది నరసాపురంలో, రమణ పుట్టింది ధవళేశ్వరంలో. 'గరమ్ హవా'కు కెమెరా పట్టిన ఇషాన్ ఆర్యే దీనికీ ఛాయాగ్రాహకుడు. జాతీయ అవార్డు కూడా వచ్చింది. అందులో రావు గోపాలరావు వేసిన కాంట్రాక్టరు ఎర్రటి సూర్యుణ్ణి చూసి, ఆకాశంలో ఎవర్నో హత్య చేసినట్టుందని మురిసిపోతాడు. మనం నవ్వుతాం. నా ఉద్దేశంలో ఆ సినిమా మొత్తంలో బొమ్మను చదవడం తెలిసినవాడు వాడొక్కడే! అందం చాటున హింస ఉండగలదని దుర్మార్గుడి నోట చెప్పించారు.

మరి లక్ష్మి మీద జరిగిన హింస? అది హింసలా కనిపించదు. పసుపు, కుంకుమ, తులసికోట, వాకిట్లో ముగ్గు. బాపు గీత ఎంత పొందికగా ఉంటుందో లక్ష్మిగా సంగీత ఉన్న దృశ్యాలూ అంత పొందికగా ఉంటాయి. ఆమె పడగ్గదిలోకి పరాయి మగాణ్ణి పంపి కుట్ర పన్నుతారు. భర్త నమ్మేస్తాడు. గర్భిణి వాకిలి దాటుతుంది. ఉత్తర రామాయణం మనకు కొత్త కాదు గనక ఏడవడానికి ముందే సిద్ధమై ఉంటాం. ఇల్లు పోయిన స్త్రీకి కెమెరా గుడినీ, చెట్టునీ, చక్కటి వెలుగునీ ఇస్తుంది. ఆమె దుఃఖం ఎంత అందంగా ఉంటే మన ప్రశ్నలు అంత వెనక్కి పోతాయి. పురుడు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? రోజూ ముగ్గేసిన ఆ వాకిలి మీద ఆమెకేం హక్కుంది?

1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి అడిగే వీలు అప్పటికే ఉంది. లక్ష్మి కోర్టు మెట్లెక్కలేదని నేను నిష్ఠూరమాడటం లేదు; కథకు ఆ అవసరం లేదు. కానీ ఆ సెక్షన్ కూడా భార్య వ్యభిచారంలో జీవిస్తోందని తేలితే మనోవర్తి రాదని అంటుంది. 2024 జులైలో అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్‌గా మారినా ఆ షరతు పోలేదు. అంటే అన్నం పెట్టే ముందు శీలం చూస్తారన్నమాట. ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో నివాస హక్కును గృహహింస చట్టం 2005లో గానీ స్పష్టంగా చెప్పలేదు.

ఇంకాస్త వెనక్కి, నలుపు తెలుపుల్లోకి వెళితే ఆదుర్తి సుబ్బారావు 'మూగమనసులు' (1964). విధవరాలు రాధ, పడవ నడిపే గోపి, చుట్టూ నీళ్ళు. వాళ్ళిద్దరికీ ఊళ్ళో చోటు లేదు. ఆ సంగతి ఎవరూ వాదించనక్కర్లేకుండా సుడిగుండం తేల్చేస్తుంది. ఊరి నేరాన్ని నది నెత్తిన వేసుకుంటుంది. మనకేమో అది విధిలా, కవిత్వంలా కనిపిస్తుంది. నాకు మాత్రం సమాధుల దగ్గర మిగిలిన ముసలి గౌరి మీదే చూపు నిలుస్తుంది. ప్రేమ దక్కలేదు, అయినా కథ చెప్పేది ఆమే.

పాటల్లో కనిపించే పచ్చటి పొలాల సంగతి వేరే చెప్పాలి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో పండే ఆ పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ళు ఎక్కడో దూరాన రంగు చుక్కల్లా ఉంటారు. ముందు నాయిక పరిగెడుతుంది!

మళ్ళీ లక్ష్మి దగ్గరికొస్తే, చివరికి కుట్ర బయటపడుతుంది, సంసారం నిలబడుతుంది. మీ సంఘాల్లో ఈ సినిమా వేసుకున్నప్పుడు అక్కడ ఆపి ఒక్క మాట అడగండి: ఆ కుట్ర ఎప్పటికీ బయటపడకపోతే ఆమె ఆ రాత్రి ఎక్కడ పడుకునేది?